గాజుపెట్టెలో అడవి

బల్లితో తెలుగువారికి గల పరిచయము ఈనాటిది కాదు. గోడమీద బల్లి పలికిన దిక్కునుబట్టి శకునము చూచుట, అది మీద పడినప్పుడు ఫలమెంచుట, కంచి వరదరాజస్వామి ఆలయములోని బంగారుబల్లిని తాకి వచ్చినవారిని తాకుట మన పెద్దలకు వాడుక. బల్లిపాటు ఫలములకు పంచాంగములో ఒక పుట ఉండుట అందఱు ఎఱిగినదే. ఇంత పరిచయమున్నను, ఈ ప్రాణి ఏ చెట్టును ఆశ్రయించి, ఏ నీటిని త్రాగి, ఏ నేలలో గ్రుడ్లు పెట్టి జీవించుచున్నదో గమనించినవారు తక్కువ. ఆ గమనిక లోకములో ఎట్లు మొదలైనదో, అందులో మన తెలుగునేలకు గల సంబంధమేమో ఈ ప్రసంగములో శ్రోతలకు మనవి చేయదలచినాము.

నేడు మన పట్టణములలో కొందఱు ఇగువానా మొదలైన విదేశపు బల్లిజాతులను గాజుపెట్టెలలో పెంచుచున్నారు. పెట్టెలో ప్లాస్టిక్ ఆకులు అమర్చుట మాని, సజీవమైన మొక్కలను నాటి, ఆ పచ్చదనము నడుమ ప్రాణిని ఉంచుట వారిలో కొందఱి పద్ధతి. చూచువారికి ఇది నిన్న మొన్న పుట్టిన వేడుకవలె తోచును. నిజమునకు దీని వెనుక దాదాపు రెండు వందల సంవత్సరముల చరిత్ర కలదు. ఆ చరిత్ర ఒక పురుగుతోను, ఒక గాజుసీసాతోను ప్రారంభమైనది.

లండను నగరపు తూర్పుభాగమున, నౌకాశ్రయమునకు చేరువగా నథానియల్ బాగ్‌షా వార్డు అను వైద్యుడు నివసించెను. ఆయనకు ఫెర్ను మొక్కలనిన మిక్కిలి మక్కువ. పెరటిలో వానిని పెంచజూచెను గాని, చుట్టుపట్ల కర్మాగారముల పొగకు అవి నశించినవి. 1829లో ఆయన ఒక చిమ్మటజాతి పురుగును, అది ప్యూపాదశలో నుండగా, తడిమన్నుగల గాజుసీసాలో ఉంచి మూతవేసెను. అది రెక్కలు తొడుగుట చూడవలెనని ఆయన కోరిక. అంతలో ఆయన కంటబడినది వేఱు. పగటి వేడికి మన్నులోని తడి ఆవిరియై లేచి, గాజునకు తగిలి బిందువులై, తిరిగి మన్నులోనికే జారుచుండెను. పురుగు రెక్కలు తొడుగుటకు ముందే ఆ మన్నులో ఒక ఫెర్నును, ఒక గడ్డిమొక్కయు మొలిచినవి. పెరటిలో బ్రతుకని ఫెర్ను, పొగసోకని ఆ సీసాలో, ఎవరును నీరు పోయకయే దాదాపు నాలుగు సంవత్సరములు జీవించెను.

వార్డు ఈ యనుభవమును సీసాతో విడువలేదు. 1833లో రెండు గాజుపెట్టెలలో మొక్కలు నాటి, ఓడపై ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పంపెను. నెలల తరబడి సాగిన ఆ ప్రయాణమున ఉప్పుగాలికి, ఎండకు, చలికి లోబడక మొక్కలు క్షేమముగా చేరినవి. మరుసటి సంవత్సరము అవే పెట్టెలు ఆస్ట్రేలియా మొక్కలతో తిరుగుప్రయాణము చేసినవి. 1842లో వార్డు తన పరిశీలనలను గ్రంథముగా ప్రకటించెను. 1845లో ఇంగ్లండులో గాజుపై పన్ను రద్దుకాగా, అంతకు ముందు సంపన్నులకే అందిన గాజుపెట్టె మధ్యతరగతి వారి ముందుగదులలోనికి వచ్చినది. వార్డుపెట్టె అని లోకము దానికి పేరు పెట్టినది. నేటి బల్లిపెట్టెకు అదియే మూలపురుషుడు.

ఆ పెట్టె త్వరలోనే మన దేశపు చరిత్రలోను ప్రవేశించినది. 1848 మొదలు కొన్ని సంవత్సరములపాటు రాబర్టు ఫార్చ్యూన్ చీనాదేశమునుండి వేలకొలది తేయాకు మొక్కలను ఇట్టి పెట్టెలలోనే హిమాలయ ప్రాంతములకు చేర్చెను. మలేరియాకు మందైన సింకోనా చరిత్రయు అట్టిదే. 1860లో క్లెమెంట్సు మార్ఖం దక్షిణ అమెరికానుండి నీలగిరులకు తెచ్చిన మొక్కలు మార్గమున ఎఱ్ఱసముద్రపు వేడికి తాళలేక, గమ్యము చేరియు నశించినవి. మరుసటి సంవత్సరము వచ్చిన వేఱొక దఫా మొక్కలు నిలిచినవి. గాజుపెట్టె తడిని కాపాడును గాని వేడిని తానుగా బయటికి పంపలేదు అను పాఠము ఆనాడే తెలియవచ్చినది. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు ఎండగల ఒంగోలు, చీమకుర్తి ప్రాంతములలో గాజుపెట్టెను కిటికీ ప్రక్కన ఉంచువారు ఈ పాఠమును మఱవరాదు. సింకోనా మొక్కను చంపిన వేడి బల్లిని అంతకంటె త్వరగా చంపును.

ఇచ్చట ఒక ప్రశ్న ఉదయించును. మొక్కల పెట్టెలోనికి బల్లి ఎట్లు వచ్చినది? దీనికి సమాధానము చెప్పుటకు ముందు, మొక్కలను బల్లులను ఒకే కంటితో చూచిన ఇరువురు వ్యక్తులను తలచుకొనవలెను. ఇరువురును మన తెలుగుదేశమున సంచరించినవారే.

మొదటివాడు వాల్టరు ఇలియట్. 1845 మొదలు 1854 వఱకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా నుండిన ఈతని పేరు గుంటూరు మండలము వారికి క్రొత్త కాదు. 1845లో అమరావతి స్తూపమువద్ద త్రవ్వించి శిల్పములను మదరాసునకు పంపినవాడు ఇతడే. ఆ ఫలకములకు చిరకాలము ఇలియట్ పాలరాళ్ళను పేరు ఉండెను. ఇతడు చేసిన మఱియొక పని అంతగా ప్రచారములో లేదు. ఉత్తర సర్కారులలోని తెలుగు జిల్లాలలో సాధారణముగా కనిపించు మొక్కల తెలుగు పేర్లను సేకరించి, శాస్త్రనామములతో జతపఱచి, 1859లో ఫ్లోరా ఆంధ్రికా అను పేర మదరాసులో ప్రకటించెను. మన రైతులు, కాపరులు పలికిన పేర్లు ఆ విధముగా శాస్త్రగ్రంథములోనికి ఎక్కినవి. జంతువులపైనను ఇతనికి అంతటి శ్రద్ధయే ఉండెను. 1864లో గుంథరు అను శాస్త్రజ్ఞుడు పడమటి కనుమల అడవిలోని ఒక తొండజాతికి ఇలియట్ పేరే పెట్టెను. మొక్కల పేర్ల పట్టిక వ్రాసినవాని పేరు ఒక తొండకు నిలిచిపోవుట ముచ్చటగొలుపు విషయము.

రెండవవాడు రిచర్డు హెన్రీ బెడ్డోము. సైనికోద్యోగిగా వచ్చి, అటవీశాఖలో చేరి, 1860 మొదలు 1882 వఱకు మదరాసు రాజధానిలోని అడవులకు అధిపతిగా ఉండెను. వార్డు సీసాలో మొలిచిన ఫెర్నుజాతిపై దక్షిణ భారతమున ప్రామాణికమైన సచిత్రగ్రంథమును వెలువరించినది ఇతడే. ఇతడే 1870లో తిరుపతి కొండలనుండి ఒక బల్లిని వర్ణించి లోకమునకు తెలిపెను. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిను పేరునకు అర్థము బంగారు వన్నెగలది యని. కంచిలో లోహపు బంగారుబల్లి ఉన్నదని విన్న తెలుగువారికి, తిరుపతి కొండలలో ప్రాణముగల బంగారుబల్లి ఉన్నదని తెలియుటకు బహుకాలము పట్టినది. బెడ్డోము పిమ్మట నూఱు సంవత్సరములకు పైగా దాని జాడ సరిగా తెలియలేదు. 1986లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో, ఆంధ్రప్రదేశపు తూర్పు కనుమలలో అది మరల కనిపించినదని ప్రకటించిరి.

ఈ బంగారుబల్లి మన విషయమునకు ఒక గొప్ప నీతి చెప్పుచున్నది. ఇది చెట్లపై నివసించు ప్రాణి కాదు. నీటివాగుల దాపున, నీడగల రాతిచఱియల పగుళ్ళలో నివసించి, గ్రుడ్లను రాతికే అంటునట్లు పెట్టును. చాలసార్లు అనేకములైన బల్లులు ఒకే చోట గ్రుడ్లు పెట్టును. దీనిని తెచ్చి, ఫెర్నులతో నిండిన అందమైన పెట్టెలో ఉంచినను, అందులో చల్లని రాతిపగులు లేనిచో అది దానికి ఇల్లు కాజాలదు. వాగు ప్రక్క చెట్లు ఆ రాతికి నీడనిచ్చి తడిని నిలుపును. ఆ మేరకే పచ్చదనముతో దానికి పని. పచ్చదనము మన కంటికి ఇంపైనంత మాత్రమున ప్రాణికి మేలని తలచరాదు. ఏ ప్రాణికి ఏ పచ్చదనము అను ప్రశ్నయే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నను ఐరోపాలో క్రమముగా అడిగినవారు జర్మనులు. 1884లో యోహాన్ ఫాన్ ఫిషరు అను నతడు ఫ్రాంక్‌ఫర్టు నగరమున టెర్రేరియముపై ఒక కరదీపికను ప్రకటించెను. భూచరములైన చిన్న ప్రాణులను పెంచు గాజుపెట్టెకే ఆ పేరు. ఆ గ్రంథము శీర్షికలో పెట్టెలో నాటవలసిన మొక్కల ప్రస్తావన ముందు వచ్చును. అందులో నివసింపవలసిన ప్రాణుల ప్రస్తావన తరువాత వచ్చును. ఈ వరుస గమనింపదగినది. ఇల్లు కట్టిన పిమ్మటనే గృహప్రవేశము. వార్డుపెట్టెకు ఆ విధముగా జంతువు అతిథి కాక నివాసియైనది.

జంతు ప్రదర్శనశాలలు ఈ మార్గమున ఆలస్యముగా నడచినవి. లండను జంతుశాలలో 1849లో తెఱచిన సరీసృపగృహము లోకమున మొట్టమొదటిదని ప్రసిద్ధి. మదరాసులో 1855లో ఎడ్వర్డు బాల్ఫరు మ్యూజియమునకు అనుబంధముగా జంతుశాలను ప్రారంభించెను. ఆ కాలపు జంతుశాలలలో ప్రాణిని చూపుటయే ముఖ్యము. ప్రాణి జీవనమును చూపవలెనను తలపు అంతగా లేదు. ఆ తీరును మార్చినవారిలో జోన్ ప్రాక్టరు అను యువతి అగ్రగణ్యురాలు. బాల్యమునుండి అనారోగ్యముతో బాధపడుచునే ఆమె సరీసృప శాస్త్రమున ప్రావీణ్యము సంపాదించి, 1923లో లండను జంతుశాలలో సరీసృపముల అధికారిణి యయ్యెను. 1927లో తెఱచిన క్రొత్త సరీసృపగృహమునకు ఆమెయే రూపకల్పన చేసెను. భవనమంతటిని ఒకే తీరున వేడిచేయుట మాని, ఏ పెట్టెకు తగిన వేడిని ఆ పెట్టెకు విద్యుత్తుతో అమర్చెను. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములను లోనికి రానిచ్చు ప్రత్యేకపు గాజును వాడెను. ఎముకలు గట్టిపడుటకు ఆ కిరణములు చాల బల్లులకు అవసరము. సాధారణమైన గాజు వానిని చాలవఱకు ఆపివేయును. 1931లో ముప్పది నాలుగేండ్ల ప్రాయముననే ఆమె కన్నుమూసెను. కాని పెట్టెలో ప్రాణితోబాటు దాని వాతావరణమును ఉంచవలెనను సూత్రము నిలిచినది.

ఇక సజీవమైన మొక్క ఆ పెట్టెలో ఏ పని చేయునో వివరింతము. మొదటిది నీరు. ఊసరవెల్లి వంటి చెట్టుప్రాణులు గిన్నెలోని నీటిని సాధారణముగా నీరని గుర్తింపవు. ఆకుమీద నిలిచిన మంచుబిందువులను, వానచినుకులను నాలుకతో అందుకొని త్రాగును. ఆకు లేనిచో నిండిన గిన్నె ప్రక్కన నుండియే అవి దప్పికతో చావగలవు. రెండవది నీడ. బల్లికి మనవలె ఒంటిలో వేడిని పుట్టించుకొను శక్తి చాలదు. ఎండకు వచ్చి కాచుకొని, నీడకు పోయి చల్లబడును. ఒకే పెట్టెలో ఎండయు నీడయు ఉండవలెనన్న ఆకులగుబురు కావలెను. మూడవది చాటు. దాగుటకు చోటులేని ప్రాణి బెదురుచు ఆహారము మానును. నాలుగవది శుభ్రత. ప్రాణి విసర్జించిన దానిని మన్నులోని సూక్ష్మజీవులు, చిన్న పురుగులు కుళ్ళజేయగా, అందులోని నత్రజనిని మొక్క వేళ్ళు గ్రహించును. మన పొలములో ఎరువు పనిచేయు తీరే ఇది.

అయినను ప్రతి మొక్కయు మిత్రము కాదు. గన్నేరు, ఉమ్మెత్త విషములని మన పల్లెలలో పిల్లలకును తెలియును. ఇండ్లలో అందముకొఱకు పెంచు మనీప్లాంటు ఆకులలో నోటిని, గొంతును మండించు సూదులవంటి స్ఫటికములు ఉండును. పురుగులు మాత్రమే తిను బల్లికి దానివలన కీడు తక్కువ. ఆకులు మేయు ఇగువానాకు అది తగదు. మందు చల్లిన మొక్క అంతకంటె ప్రమాదము. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప రైతులకు పురుగుమందును గూర్చి ఎవరును క్రొత్తగా చెప్పనక్కఱలేదు. ఆకుమీది మందు పురుగులోనికి, పురుగునుండి బల్లిలోనికి చేరును. చేనిలో జరుగునదే పెట్టెలోను జరుగును. పెట్టెలో తప్పించుకొని పోవు దారి ఉండదు.

పుస్తకమును ప్రక్కనుంచి, మనకు చేరువగానున్న నేలను ఒకసారి చూతము. చీమకుర్తి పేరు నేడు దేశదేశములలో వినబడుచున్నది. నల్లని రాతిలో బంగారుపొడి చల్లినట్లు మెఱయు బ్లాక్ గెలాక్సీ రాయి అచ్చటి గనులలోనిదే. ఆ మెఱపు బంగారము కాదు, బ్రాంజైటు అను ఖనిజపు రేకులది. ఆ ఊరి చుట్టుపట్ల రాతినేల, మెట్టచేను, చెట్లగుబురు మూడును కనిపించును. ఈ మూడు తావులును మూడు తీరుల ప్రాణులకు ఇండ్లు. బయలునేలలో, గడ్డిదుబ్బుల నడుమ, గొంతు క్రింది తిత్తిని విసనకఱ్ఱవలె విప్పి మూయు చిన్న తొండ తిరుగును. దానికి పలుచని గడ్డియు, వేడి ఇసుకయు కావలెను. దట్టమైన తడితోట దానికి చెఱసాల. రాలిన ఆకులక్రింద, మెత్తని మంటిలో నలికండ్లపాము జారిపోవుచుండును. పేరులో పామున్నను అది పాము కాదు, నున్నని పొలుసులుగల బల్లిజాతి, విషము లేదు. తుమ్మకొమ్మమీద, కంచెతీగలలో ఊసరవెల్లి మెల్లగా అడుగువేయును. తొండ ముదిరి ఊసరవెల్లి అయినదను సామెత మాటకు బాగున్నది గాని, రెండును వేఱువేఱు జాతులు. ఏది ఎంత ముదిరినను మఱియొకటి కాదు. కొమ్మలలో బ్రతుకు ఊసరవెల్లియు గ్రుడ్లు పెట్టుటకు నేలకు దిగి మన్ను త్రవ్వును. కావున దాని ఇల్లనగా చెట్టు మాత్రమే కాదు, చెట్టుక్రింది గుల్లనేలయు కూడ.

కృష్ణానదీతీరమున జరిగిన ఒక సంగతిని ఇచ్చట చేర్చుట ఉచితము. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. లోయ నీట మునుగునని ఎఱిగి, 1954 మొదలు ఆఱు సంవత్సరములపాటు నాగార్జునకొండలో విస్తారముగా త్రవ్వకములు జరిపిరి. ఇక్ష్వాకు రాజైన చాంతమూలుని అశ్వమేధమునకు సంబంధించినదని చెప్పబడు స్థలము అప్పుడే బయల్పడినది. 1969లో ఆర్. సి. శర్మ అను శాస్త్రజ్ఞుడు నాగార్జునకొండకు చెందిన ఒక చిన్న నలికండ్లపాము జాతిని క్రొత్తదిగా వర్ణించి, ఆ యజ్ఞస్థలము పేరనే దానికి అశ్వమేధి అని నామకరణము చేసెను. చక్రవర్తి యజ్ఞపు పేరు, ఆకులక్రింద దాగు వ్రేలెడు ప్రాణికి దక్కినది. శిల్పములను పెల్లగించి ఎత్తైన చోటికి చేర్చగలిగినాము. 1967లో కాలువలకు విడిచిన ఆ నీరే నేడు చీమకుర్తి సమీపమున రామతీర్థము జలాశయము వఱకు వచ్చి పొలములను తడుపుచున్నది. దాని మేలును కాదనువారు లేరు. కాని మునిగిన లోయలోని ఆకుపొరను, మెత్తనినేలను, అందులోని ప్రాణులను ఎవరును పెల్లగించి మఱియొకచోట నాటలేదు. నాటుటకు ఏ గాజుపెట్టెయు చాలదు.

గాజుపెట్టె చరిత్ర మనకు నేర్పునది ఇదియే. రెండువందల ఏండ్ల శ్రమతో, విద్యుత్తుతో, ప్రత్యేకపు గాజుతో, ఏరి నాటిన మొక్కలతో మనుష్యుడు మూడడుగుల పెట్టెలో కట్టుటకు యత్నించుచున్నది, మన కంచెమూలలో ఖర్చులేకుండ ఉన్నది. ఇది పెట్టె కట్టినవారిని కించపఱచుట కాదు. వారు కట్టి చూచుటవలననే అడవిలో ఏ యే అంగములు ఉన్నవో మనకు తెలిసినది.

శ్రోతలు చట్టమును గూర్చియు ఎఱుగుట మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉడుమును, ఊసరవెల్లిని, బంగారుబల్లిని రక్షిత ప్రాణులలో చేర్చినది. వీనిని పట్టుట, పెంచుట, అమ్ముట నేరము. 2022లో చేసిన సవరణ ప్రకారము, అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో చేరిన ఇగువానా వంటి విదేశజాతులను పెంచువారును ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. అట్లు అనుమతితో పెంచువారు మొదట ఆ ప్రాణి పుట్టిన దేశము అడవియా, ఎడారియా అని తెలిసికొని, దానికి తగిన మొక్కను నాటి, మొక్క వేరూనిన పిమ్మట ప్రాణిని తేవలెను. ఫిషరు గ్రంథపు శీర్షికలోని వరుసయే నేటికిని సరియైన వరుస.

ఇక మన పిల్లల మాట. పిల్లవాడు తొండను సీసాలో వేసి మూత బిగించి తెచ్చినప్పుడు, అతనిని కసరి పంపుట సులభము. కాని ఆ చేతిలో ఉన్నది క్రూరత్వము మాత్రమే కాదు, కుతూహలము కూడ. వార్డు సీసాలో పురుగును ఉంచినదియు కుతూహలముతోనే. సీసా మూత తీయించి, తొండను పట్టిన చోటనే విడిపించి, అది ఏ చెట్టెక్కునో, ఏ కొమ్మపై ఆగునో, ఏ యాకు చాటున దాగునో వ్రాసి తెమ్మని చెప్పవలెను. పెరటిలో ఒక మూలను ఊడ్వక, మందు చల్లక, రాలిన ఆకులను అట్లే విడిచి, ప్రక్కన నాలుగు రాళ్ళు పేర్చి, ఒక తంగేడు మొక్కనో, గోరింట మొక్కనో నాటినచో, రావలసినవి వాటంతట అవియే వచ్చును. వానిని చూచుటకు గాజు అవసరము లేదు. కొంత ఓపిక చాలును.